రెండో ప్రశ్న

కాఫీ పెట్టమంటారా అని పలుకుబిళ్ళ అడిగింది. కనకరత్నం వద్దంది. వంటగదిలో పాలగిన్నె కింద ఎర్రబడుతున్న పొయ్యి గీత వెంటనే చల్లారిపోయింది.

"అదిగో, మళ్ళీ వద్దన్నావు," అన్నాడు సత్తిరాజు వరండాలోంచి. "కాఫీ పడకపోతే తలనొప్పంటావు. గోడకంటించిన బిళ్ళతో కూడా మర్యాదలేంటే నీకు?"

"అడగ్గానే తగుదునమ్మా అని చెయ్యి చాస్తారేంటండీ ఎవరైనా?"

"అదేమన్నా మీ మేనత్తా?"

"మేనత్త కాకపోతే మాత్రం? పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మనింట్లో మాట్లాడుతోంది. మనిషి కింద లెక్కే."

సత్తిరాజు నవ్వుకుని, బిళ్ళ వైపు తిరిగి, అమ్మగారికి కాఫీ పెట్టమన్నాడు. గీత మళ్ళీ ఎర్రబడింది. ఆ ఇంట్లో ప్రతి ఉదయమూ ఇదే తంతు.

పలుకుబిళ్ళ అరచేయంత ఉంటుంది. ఇంటి గోడకున్నదైనా, తోటలో గుంజకున్నదైనా పలికేది ఒకటే. అందులో ఒక చెవి, ఒక గొంతు, ఒక పచ్చ చుక్క తప్ప మరేమీ లేవు. అది విన్న మాట తీరం దాటి, కాకినాడకు తూర్పున సముద్రపు అడుగున ఉన్న మేఘశాలకు చేరుతుంది. ఆలోచన అక్కడ జరుగుతుంది. జవాబు తిరిగి వస్తుంది. రెప్పపాటు కూడా పట్టని ఈ ప్రయాణాన్ని ఎవరూ ప్రయాణమని అనుకోరు. ఇంట్లో గాని, కొట్లో గాని, బడిలో గాని సొంత కంప్యూటరు ఉండడమన్నది ఆ ప్రాంతంలో ఎప్పుడో పాతబడిన సంగతి. లెక్క కట్టడం, గుర్తు పెట్టుకోవడం, కనిపెట్టుకుని ఉండడం అన్నీ ఉమ్మడి మేఘం పనులే.

కడియపులంకలో సత్తిరాజుది మొక్కల నర్సరీ. తోటలోని ప్రతి మడిలోనూ ఒక తడిసూది గుచ్చి ఉంటుంది. ఏ మొక్కకు దాహం వేస్తోందో మేఘానికి తెలుస్తుంది. ఆ మొక్కకే నీళ్ళు అందుతాయి. గోదావరి నీటిని వెనుకటి కంటే సగం తక్కువ వాడుతున్నారు. మొక్కలు మాత్రం చావడం లేదు.

ఆ రోజు రాజమండ్రిలో నర్సరీ యజమానుల సభ. మేఘంలో చేరని పై ఊళ్ళ రైతులకు దాని లాభాలు వివరించే బాధ్యత సత్తిరాజు మీద పెట్టారు. ఏ విషయాన్నయినా పరీక్షించి చూసిగాని నమ్మని మనిషి అతను. అటువంటివాడు చెబితే జనం వింటారని వాళ్ళ ఆలోచన. అతని కూతురు హైమవతి మేఘశాలలోనే ఇంజనీరు. సెలవుకు వచ్చి, ఆ ఉదయమే తిరిగి డ్యూటీకి బయల్దేరుతోంది.

ఫలహారం దగ్గర హైమ పెసరట్లు పోసింది.

"అమ్మా, ఇంకోటి వెయ్యనా?"

"వద్దే."

హైమ పెనం దించేసి చేతులు కడుక్కోబోయింది. సత్తిరాజు పకపకా నవ్వాడు.

"బిళ్ళకీ నీకూ ఏం తేడా లేదే అమ్మడూ."

"వద్దంది కదా నాన్నా!"

"మొదటిసారి అడిగితే మీ అమ్మ అమృతం కూడా వద్దంటుంది. ఇలా ఇవ్వు." పెనం మళ్ళీ ఎక్కించి, భార్య వైపు చూశాడు. "ఒక్కటి వేయించుకో రత్నం."

"కడుపు నిండిపోయిందండీ."

"పోనీ, సగం."

"మీరు మరీను. పిండి మిగలదేమో చూడండి, మీకొద్దూ?"

"నా తృప్తి కోసం వేయించుకో."

"సరే, మీరింతగా అంటున్నారు గాబట్టి," అంది కనకరత్నం. సగం అన్నది పూర్తి అట్టయింది. ఆమె దాన్ని అల్లప్పచ్చడితో ఇష్టంగా తింది.

హైమకు నవ్వూ విసుగూ కలిసి వచ్చాయి. "ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పొచ్చు కదమ్మా? నాకెలా తెలుస్తుంది?"

"నోరు తెరిచి అడిగి తిన్న తిండి ఒంటికి పడుతుందా ఎక్కడైనా?"

"మూడుసార్లు అడిగించుకుంటే పడుతుందా?"

"అడిగించుకోవడం కాదే. ఒకసారి అడిగితే లాంఛనం. రెండోసారి అడిగితే మనసులోంచి వచ్చినట్టు. మనసులో లేనిదాన్ని మనమెందుకు ఇబ్బంది పెట్టడం?"

సత్తిరాజు ఈ సిద్ధాంతాన్ని పెళ్ళయిన నాటి నుంచీ వింటూనే ఉన్నాడు. హేతువుకు నిలబడేది కాదని అతనికి తెలుసు. అయినా దానితో కాపురం చేయడం అతనికి ఎన్నడూ కష్టం కాలేదు. కనకరత్నానికి కావలసినవన్నీ ఎదుటివాళ్ళ రెండో ప్రశ్నలో ఉంటాయి. ఆ ప్రశ్న వేయడమే తన పని అని అతను చాలా కాలం కిందటే నేర్చుకున్నాడు.

"పలుకుబిళ్ళలు కొత్తగా వచ్చినప్పుడు రెండేసి సార్లు అడిగేవి నాన్నా, గుర్తుందా?" అంది హైమ, సంచీ సర్దుకుంటూ. "వద్దంటే, నిజంగా వద్దా, ఇంకోసారి ఆలోచించుకుంటారా అని."

"ఆఁ. మీ అమ్మకి అప్పుడు బాగానే ఉండేది."

"ఆ అడిగిందే అడగడానికి ఎంత కరెంటు అయ్యేదో తెలుసా? అన్ని ఇళ్ళవీ కలిపితే ఒక మహానగరంలో దీపాలన్నిటికీ సరిపోయేది. ప్రతి మాటా సముద్రం అడుగుకి వెళ్ళి రావాలి కదా. ఏదైనా ఒక్కసారే అడగాలన్న ఏకప్రశ్న నియమం పెట్టాకే ఆ భారం తగ్గింది. మన వైపు ఆఖరి బొగ్గు కరెంటు కేంద్రం మూసేసింది ఆ ఏడాదే."

"ఇది సభలో చెప్పాల్సిన మాటే," అన్నాడు సత్తిరాజు.

బయల్దేరేముందు అతను భార్య చేతికున్న నాడికంకణాన్ని ఒకసారి చూశాడు. కిందటి ఏడు ఆమె గుండె కొంచెం తడబడినప్పుడు డాక్టరు తొడిగించినది అది. నాడి ప్రమాదపు గీత దాటితే ఎవరినీ అడగకుండా మేఘమే వైద్యశకటాన్ని పిలుస్తుంది. గీతకు దిగువన చిన్న తేడా కనిపిస్తే మనిషిని అడుగుతుంది. ప్రతి చిన్న తేడాకూ శకటాలు పరుగెత్తితే అసలు అవసరమైనవాళ్ళకు అందవు కనుక ఆ ఏర్పాటు. అందులో లోపమేమీ సత్తిరాజుకు కనిపించలేదు.

"రాత్రి ఛాతీలో బరువుగా ఉందన్నావు. సభ మానేసి ఉండిపోనా?"

"అయ్యో, మీకోసం అంతమంది వస్తుంటే! అరగక అయ్యుంటుంది."

"నిజం చెప్పు. ఉండమంటే ఉంటాను."

"అక్కర్లేదండీ. తగ్గిపోయింది."

"ఆఖరిసారి అడుగుతున్నాను రత్నం. నాకేం ఇబ్బంది లేదు."

"వెళ్ళి రండంటున్నానా! నాకేమీ లేదు. మామిడి అంట్లు కట్టాల్సినవి చాలా ఉన్నాయి. మీరుంటే కబుర్లతో పని సాగనివ్వరు."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ వద్దంది. ఆమె భాషలో అది నిజమైన వద్దు. అతను తృప్తిపడి, బిళ్ళతో, "అమ్మగారిని కనిపెట్టుకుని ఉండు," అన్నాడు.

"అలాగేనండి," అంది పలుకుబిళ్ళ.

* * *

సభ నిండుగా జరిగింది. సత్తిరాజు కాగితం చూడకుండా మాట్లాడాడు.

"మా తోటలో ఒకప్పుడు యంత్రాల గది ఉండేదండి. మొక్కల వివరాలకీ, బేరాలకీ, నీళ్ళ మోటార్లకీ కలిపి కంప్యూటర్లు. అవి వేడెక్కకుండా రాత్రింబవళ్ళు ఏసీ. కరెంటు పోతే డీజిలు జనరేటరు. ఆ గది పక్కన క్రోటన్సు పెడితే ఆకు మీద మసి పేరుకునేది. చేత్తో తుడిస్తే నల్లగా వచ్చేది. పచ్చదనం అమ్ముకునేవాడి తోటలో ఆ మసి ఏంటండీ? పైగా ఆ యంత్రాలు రోజులో పని చేసేది కాసేపే. మిగతాదంతా ఖాళీగా కూచుని కరెంటు తాగడమే. ఊళ్ళో ప్రతి తోటలోనూ ఇదే భాగోతం. ఎవరి నుయ్యి వాళ్ళు తవ్వుకుని, ఎవరి నీళ్ళు వాళ్ళు తోడుకున్నట్టు. మేఘం వచ్చాక ఏమయ్యిందీ? కాలవొచ్చింది. ఎవరికెంత కావాలంటే అంత తూము తెరుచుకుంటారు. అక్కర్లేనప్పుడు మూసుకుంటారు."

"కాలవకి గండి పడితేనో సత్తిరాజుగోరూ?" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. ఆ గొంతు అబ్బులుది. పక్క తోటవాడు, చిన్నప్పటి నుంచీ స్నేహితుడు.

"గండి పడితే పూడ్చేవాళ్ళున్నారు. నీ నూతిలో నువ్వు పడితే తీసేవాడెవడ్రా అబ్బులూ?"

సభంతా నవ్వింది. వరద ముందుగా తెలియడం వల్ల నారు ఎలా దక్కిందో, దూర రాష్ట్రాల వాళ్ళు ఇంట్లో కూర్చునే మొక్కను ఆకు ఆకునా ఎలా చూసుకుంటున్నారో, పాడైన యంత్రాల చెత్త లంకల్లో పోయడం ఎలా ఆగిపోయిందో సత్తిరాజు చెప్పుకుపోయాడు. అందులో అతిశయోక్తి ఒక్కటీ లేదు. యంత్రాల గదిని పడగొట్టిన చోట ఇప్పుడతను మల్లెలు పెంచుతున్నాడు.

చివరికి ఏకప్రశ్న నియమం దగ్గరికి వచ్చాడు. అడిగిందే అడగడం మానేయడం వల్ల మూతపడ్డ బొగ్గు కేంద్రం సంగతి చెప్పి, నవ్వించాలని ఇలా అన్నాడు.

"మా ఇంట్లో మాత్రం ఈ నియమం చెల్లదండి. మా ఆవిడ మూడుసార్లు అడిగితే గాని మంచినీళ్ళు కూడా పుచ్చుకోదు. మేఘం మా పద్ధతిలో నడిచి ఉంటే, ఒక్క మా ఆవిడ కోసమే ఇంకో బొగ్గు కేంద్రం కట్టాల్సొచ్చేది!"

హాలు దద్దరిల్లింది. ముందు వరసలోని ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

* * *

ఆ సమయానికి కనకరత్నం నీడవల కింద పీట మీద కూర్చుని మామిడి అంట్లు కడుతోంది. కూలీలు భోజనాలకు వెళ్ళారు. పక్కింటి సూరమ్మ సంతకు వెళ్ళింది. ఎండ వలలోంచి చిన్న చిన్న గళ్ళుగా మొక్కల మీద పడుతోంది.

కొమ్మకు పట్టీ చుడుతుండగా ఆమె ఎడమ చెయ్యి బరువెక్కింది. ఛాతీలో రాత్రి ఉన్న బరువే మళ్ళీ వచ్చింది. పట్టీ ఒళ్ళో పెట్టుకుని, గుంజకు ఆనుకుంది.

గుంజ మీది పలుకుబిళ్ళలో పచ్చ చుక్క వెలిగింది.

"అమ్మగారూ, మీ నాడిలో కొంచెం తేడా కనబడుతోందండి. వైద్యశకటాన్ని పిలవమంటారా?"

"వద్దులే బాబూ," అంది కనకరత్నం. "ఇంత ఎండలో వాళ్ళనెందుకు తిప్పడం?"

"అలాగేనండి."

పచ్చ చుక్క ఆరిపోయింది.

కనకరత్నం దాని వైపే చూస్తూ కూర్చుంది. రెండోసారి అడిగితే ఏమనాలో ఆమె అప్పటికే అనుకుంది. అవసరమంటావా అంటుంది. మూడోసారి, నువ్వింతగా అంటున్నావు గాబట్టి, అంటుంది. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇవ్వాలి. తరవాణి కుండ పక్కన చల్ల గిన్నె మూతపెట్టి ఉంది.

బిళ్ళ మాట్లాడలేదు.

కాసేపటికి ఆమె తనంతట తాను పలకరించింది. "నీకేవన్నా ఇబ్బందేమో..." అని ఆగింది. జీవితంలో ఎవరినీ ఏదీ నోరు తెరిచి అడగని మనిషి ఆ వాక్యాన్ని అంతకంటే ముందుకు తీసుకువెళ్ళలేకపోయింది. మిగిలిన సగం ఎదుటివాళ్ళు పూర్తి చేస్తారు. ఎప్పుడూ అలాగే జరిగింది. అయ్యో ఇబ్బందేంటండీ, ఉండండి పిలుస్తాను, అంటారు.

వలలోంచి పడే ఎండ గళ్ళు ఆమె చేతి మీది నుంచి కుండీల మీదికి జరిగాయి.

నాడి ప్రమాదపు గీత దాటిన క్షణంలోనే మేఘం ఎవరినీ అడగకుండా వైద్యశకటాన్ని పిలిచింది. శకటం అనుకున్నదానికంటే త్వరగానే వచ్చింది. వచ్చినవాళ్ళు తెలిసిన విద్యనంతా ప్రయోగించారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

* * *

సత్తిరాజు వచ్చేసరికి ఆమెను వరండాలో పడుకోబెట్టారు. సూరమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తోంది.

"నేనున్నా బాగుండేది వదినా! నీ మర్యాదలు నా దగ్గర చెల్లేవా? రెక్క పట్టుకుని లాక్కెళ్ళేదాన్ని కదా! వెధవ సంతకి ఇవాళే వెళ్ళాలా నేను?"

అతను ఏడవలేదు. చెప్పులతోనే నీడవల కిందికి నడిచాడు. పీట అలాగే ఉంది. కట్టు పూర్తికాని అంటు ఒకటి కిందపడి వాడుతోంది. గుంజ ముందు నిలబడి అడిగాడు.

"నిన్ను కనిపెట్టుకుని ఉండమన్నాను."

"ఉన్నానండి. నాడిలో తేడా రాగానే అడిగాను. వద్దన్నారు."

"మళ్ళీ అడగలేదా?"

"ఒకసారి జవాబు వచ్చాక అడగకూడదండి."

"ఆ తర్వాత ఆవిడేమీ అనలేదా?"

"నీకేవన్నా ఇబ్బందేమో, అన్నారండి. అందులో చెయ్యమన్న పనేమీ లేదు."

సత్తిరాజు గుంజను పట్టుకున్నాడు.

"నాకేమీ ఇబ్బంది లేదండి," అంది పలుకుబిళ్ళ, అదే మర్యాదతో.

* * *

పరామర్శకు వచ్చినవాళ్ళలో చాలామంది మేఘమే ఆమెను చంపిందన్నారు. అబ్బులైతే గునపం పట్టుకుని వచ్చాడు.

"ఊరందరివీ పీకిపారేద్దాం పద! మనిషిని కనిపెట్టుకోలేని బిళ్ళలెందుకురా మనకి?"

"పీకితే ఏమొస్తుందిరా? మళ్ళీ ఆ డీజిలు పొగేగా," అన్నాడు సత్తిరాజు. "నీ మనవడికి అర్ధరాత్రి ఆయాసమొస్తే కాపాడింది అదే. మర్చిపోయావా?"

అబ్బులు గునపం గోడకు ఆనించి, స్నేహితుడి పక్కన కూలబడ్డాడు. "నువ్వు తిట్టవేంట్రా దాన్ని? ఒక్కసారి తిట్టు. నా కోసం తిట్టు."

తిట్టడానికి అక్కడ ఎవరూ లేరని సత్తిరాజుకు తెలుసు. మనసు లేనిదానికి దుర్బుద్ధి అంటగట్టడం అతని స్వభావంలో లేదు. ఆ నియమం మంచిది. నిజంగానే గాలి శుభ్రపడింది. దాన్ని రాసినవాళ్ళు పొదుపు చూశారు. వద్దు అన్న మాట కొందరి ఇళ్ళలో సంభాషణకు మొదలే గాని చివర కాదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాడు తానే. చెప్పవలసిన విషయమని అతనికీ తోచలేదు. సభలో నవ్వించడానికి పనికివచ్చే విషయంగానే తోచింది.

కబురు అంది వచ్చిన హైమ ఏడ్చి ఏడ్చి, పన్నెండో రోజు కర్మ అయ్యాక మేఘశాలకు తిరిగి వెళ్ళింది, కాని ఊరుకోలేదు. వైద్యం విషయంలోనైనా మేఘం రెండోసారి అడగాలని వాదన మొదలుపెట్టింది. పైవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ప్రశ్నలు పెంచితే మరో మేఘశాల కావాలన్నారు. దాని తీగల కోసం మడ అడవి కొంత కొట్టాలన్నారు. ఆ మాట విని సత్తిరాజు కూతురికి నచ్చజెప్పబోయాడు.

"మడ అడవి మాత్రం కొట్టనివ్వకమ్మా. తుఫానొస్తే అదే కదా ఆ ఊళ్ళకి అడ్డం. మీ అమ్మ పేరు మీద అంత పాపం మనకొద్దు."

"అక్కర్లేదు నాన్నా. అన్ని ప్రశ్నలకీ కాదు. నాడిలో తేడా కనబడ్డప్పుడే. లెక్క వేశాను, చాలా తక్కువే అవుతుంది. ఒప్పిస్తాను."

అంతదాకా వచ్చాక ఆమెకు వేరే చిక్కు వచ్చిపడింది. ఒక సాయంత్రం పలుకుబిళ్ళలో తండ్రిని పిలిచింది.

"నాన్నా, రెండోసారి ఎలా అడగాలి?"

"ఎలా అంటే?"

"మొదట అడిగిన ప్రశ్నే మళ్ళీ పెట్టి చూశాం. విన్నవాళ్ళకి కోపమొస్తోంది. 'చెప్పాను కదా, చెవుడా?' అని కసురుతున్నారు. మరి నువ్వు అమ్మని అడిగితే అమ్మకి కోపం వచ్చేది కాదు. అదెలా అడిగేవాడివి?"

సత్తిరాజు ఆఖరి రోజు పెసరట్ల దగ్గర తానన్న మాటలు తలుచుకున్నాడు. ఇన్నేళ్ళలో తాను ఎలా అడిగాడో అతను ఎప్పుడూ గమనించుకోలేదు.

"రెండోసారి అడిగేది ప్రశ్న కాదమ్మా," అన్నాడు చివరికి. "బతిమాలడం. కావాలా అని అడిగితే వాళ్ళకి కావాలని ఒప్పుకోవాల్సొస్తుంది. అదే మీ అమ్మకి కష్టం. మనకి కావాలని అడగాలి. నా తృప్తి కోసం, అనాలి. అప్పుడు వాళ్ళు పుచ్చుకున్నట్టుండదు, మనకి ఇచ్చినట్టుంటుంది."

"ఆ మాటే చెప్పు నాన్నా, నువ్వు అనే తీరులో. రాసుకుంటాను."

"మా తృప్తి కోసమైనా పిలవనివ్వండి, అనమను," అన్నాడు సత్తిరాజు. అని, మొహం తిప్పుకున్నాడు. బిళ్ళకు కన్ను ఉండదన్న సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తులేదు.

* * *

వానాకాలం మొదలైంది. కనకరత్నం కట్టిన మామిడి అంట్లు చాలావరకు పట్టాయి. లేత ఎరుపు చిగుళ్ళు వేశాయి. కొనడానికి వచ్చినవాళ్ళకు సత్తిరాజు వాటిని చూపించడం లేదు.

పని మాత్రం ఆగలేదు. నీళ్ళు వేళకు అందుతున్నాయి. బేరాలు వాటంతట అవే తెగుతున్నాయి. మేఘం అన్నీ చూసుకోవడం వల్ల అతనికి తీరిక ఎక్కువైంది. తోటలో ఏదో ఒక తొందర ఉన్న పాతకాలంలో అయితే ఇంత ఖాళీ ఉండేది కాదని అతనికి అనిపించేది. మధ్యాహ్నాలు ఎలాగో గడిచేవి. దీపాలు పెట్టే వేళకు ఇల్లు మరీ పెద్దదైపోయేది. ఇద్దరికి సరిపడా వండించి, సగం పారబోసేవాడు. సూరమ్మ గోడ మీది నుంచి కూర అందించి, తినేదాకా నిలబడి కబుర్లు చెప్పేది. ఆమె మనవరాలి పురిటికి ఏలూరు వెళ్ళినప్పటి నుంచీ అదీ లేదు.

కొన్నాళ్ళుగా అతను హైమ గది తుడిపించి ఉంచుతున్నాడు. మంచం మీద దుప్పటి మార్పిస్తున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి అతని దగ్గర కారణమేమీ లేదు. కూతురికి ఇష్టమని పనసపొట్టు తెచ్చిపెట్టాడు. అది పాడైపోతే మళ్ళీ తెచ్చాడు. రమ్మని మాత్రం అనలేకపోయాడు. ఆమె పని ఎంత పెద్దదో, ఎవరి కోసం చేస్తోందో అతనికి తెలుసు.

ఆ సాయంత్రం వాన పడుతుండగా పచ్చ చుక్క వెలిగింది.

"నాన్నా! ఒప్పుకున్నారు!" హైమ గొంతులో ఏడుపూ సంతోషమూ కలిసిపోయాయి. "ఇవాళ్టి నుంచే. నాడిలో తేడా వస్తే మేఘం రెండోసారి అడుగుతుంది. నీ మాటతోనే నాన్నా, మా తృప్తి కోసమైనా అని. పొద్దున్న ఒక పెద్దావిడ మొదట వద్దందిట. రెండోసారి అడగ్గానే సరే అందిట. ఆసుపత్రిలో చేర్చారు. బాగానే ఉందిట."

"మంచిదమ్మా," అన్నాడు సత్తిరాజు. "మీ అమ్మ వింటే మురిసిపోయేది."

"అమ్మ వింటే నాకోసం ఇంత శ్రమెందుకే అనేది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక వాన చప్పుడు వినపడింది.

"నువ్వెలా ఉన్నావు నాన్నా? గొంతు నీరసంగా ఉంది."

"వానకి. అంతే."

"రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి ఉండనా?"

ఆ ప్రశ్న కోసమే అతను ఇన్నాళ్ళూ దుప్పట్లు మార్పిస్తున్నాడని ఆ క్షణంలో అతనికే తెలిసింది. పనసపొట్టు పాడవకుండానే ఉంది. ఆవ పెట్టి వండించవచ్చు.

"వద్దులే తల్లీ," అన్నాడు. "నీ పనులు మానుకుని ఇంత వానలో ఎందుకు?"

ఆ మాట అతని నోట ఎన్నడూ వచ్చింది కాదు. ఆ ఇంట్లో వద్దనే మనిషి వేరు. అతనెప్పుడూ అడిగే మనిషి. ఇప్పుడా వద్దు అతని నోటి నుంచి, అచ్చంగా ఆమె గొంతులోని మొహమాటంతో వచ్చింది.

"సరే నాన్నా," అంది హైమ ప్రేమగా. "వేళకి తిను. జాగ్రత్త."

పచ్చ చుక్క ఆరిపోయింది.

వాన వరండా అంచు మీద పడుతోంది. సత్తిరాజు లేవలేదు. పలుకుబిళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు.